డబ్బాల ఏమున్నది అల్లుడా?

మా అమ్మ తరఫు చుట్టాలంతా ఒకప్పుడు ఒకే జిల్లా వాళ్లు. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి వరంగల్‌ను విడగొట్టేసరికి రాత్రికి రాత్రి మూడు జిల్లాల వాళ్లయ్యారు. చిన్నమ్మ వాళ్లది జనగామ. అమ్మమ్మ ఊరు మానుకోట దగ్గర, అంటే కాగితాల మీద మహబూబాబాద్ జిల్లా. సింగరేణిలో పనిచేసి రిటైరైన మేనమామది భూపాలపల్లి. ఈ మూడు చోట్లనీ కలిపేవి పెళ్లిళ్లూ, చావులూ తప్ప ఇంకేమీ లేవనుకునేవాణ్ణి. ఒక వాయువు కూడా ఉందని 2024 ఫిబ్రవరిలో, భువనగిరి దాటాక, రోడ్డు పక్కన నిలబడి తెలుసుకున్నాను.

అసలు విషయానికొస్తాను. చిన్నమ్మ కూతురి పెళ్లి. ఫంక్షన్ హాల్ జనగామలో. ఈ కాలం పెళ్లిళ్లలో పెళ్లికూతురు నడిచి రావడం మానేసింది కదా, ‘ఎంట్రీ’ ఇస్తోంది. ఎంట్రీ అంటే కింద తెల్లటి పొగ ఉండాలి. మేఘాల మీద నడిచొస్తున్నట్టు వీడియోలో పడాలి. పెళ్లికూతురి తమ్ముడు నాకు ఫోన్ చేశాడు. “అన్నా, డ్రై ఐస్ కావాలంట. నువ్వు హైదరాబాద్ నుంచి కార్లనే వస్తున్నవ్ గదా, ఒక డబ్బా పట్టుకరా.” అంతే. పెరుగు ప్యాకెట్లు తెమ్మన్నట్టు అడిగాడు, నేనూ అలాగే ఒప్పుకున్నాను.

పొద్దున్నే వెళ్లి 20 కిలోలు కొన్నాను. అమ్మినతను థర్మోకోల్ డబ్బాలో వేసి, మూత పెట్టి, “చేత్తో ముట్టుకోకండి సార్” అన్నాడు. డాక్యుమెంటేషన్ మొత్తం అంతే. మాది హ్యాచ్‌బ్యాక్. అంటే డిక్కీకీ, మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ ఉండదు, ఒక అట్ట ఉంటుంది. ఆ అట్ట కింద డబ్బా పెట్టాను. ముందు సీట్లో మా ఆవిడ. ఉప్పల్‌లో మామ ఎక్కి వెనక మావాడి పక్కన కూర్చున్నాడు. మావాడికి అప్పుడు ఐదేళ్లు. ఎండ మొదలైంది కాబట్టి అద్దాలన్నీ ఎత్తేసి, ఏసీ వేసి, బయటి దుమ్ము రాకుండా ‘లోపలి గాలే తిరిగే’ బటన్ నొక్కాను. ఆ బటన్ మీద కారు బొమ్మ, లోపల గుండ్రంగా తిరిగే బాణం ఉంటుంది చూడండి, అదే.

ఘట్‌కేసర్ దాటాక మా ఆవిడ తల నొస్తోందంది. పెళ్లి షాపింగ్ అలసట అన్నాను. భువనగిరి దగ్గరికి వచ్చేసరికి నాకు వరసగా ఆవలింతలు. ఊపిరి కాస్త గట్టిగా తీసుకోవాల్సి వస్తోంది. పొద్దున టిఫిన్ చేయలేదు కదా, అందుకేనేమో అనుకున్నాను. మావాడు ఎప్పుడో నిద్రపోయాడు. కారెక్కితే ప్రతి ఐదు నిమిషాలకీ “వచ్చిందా, వచ్చిందా” అని ప్రాణం తీసేవాడు ఇంత బుద్ధిగా పడుకున్నాడేంటా అని సంతోషించాను కూడా.

వెనక నుంచి మామ అడిగాడు.

“డబ్బాల ఏమున్నది అల్లుడా? మిఠాయా?”

“డ్రై ఐస్ మామా. పెళ్లిల పొగకు.”

“అంటే?”

“ఐస్ కాదు మామా. గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. కరిగి నీళ్లు కాదు, నేరుగా గ్యాస్ అయిపోతది.”

రెండు క్షణాలు మాట లేదు.

“బండి ఆపు.”

“ఆలేరు దాటినంక చాయ్‌కి ఆపుదాం మామా...”

“ఆపు అన్న గదా. ముందు అద్దాలు దించు. నాలుగూ దించు. పిలగాన్ని లేపు.”

పక్కకు తీసి ఆపాను. మావాణ్ణి రెండుసార్లు పిలిచినా లేవలేదు. మామ వాణ్ణి ఎత్తుకుని బయటకు దిగి, భుజం మీద వేసుకుని వీపు నిమురుతూ అటూ ఇటూ నడిచాడు. ఎంతసేపో నాకు గుర్తు లేదు. నిమిషం కూడా అయ్యుండదు. వాడు కళ్లు తెరిచి “జనగామ వచ్చిందా?” అన్నాడు.

వాడిది మామూలు నిద్రే కావచ్చు. నా కారులో మీటరేమీ లేదు. కానీ నన్ను ఇప్పటికీ పీకేది వేరే. మామకు జవాబు చెప్పింది నేనే. ‘గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్, నేరుగా గ్యాస్ అయిపోతది’ అని నా నోటితోనే చెప్పాను, ఎంసెట్ కెమిస్ట్రీ బిట్ అప్పజెప్పినట్టు. ‘గ్యాస్ అయి ఎక్కడికి పోతది?’ అనే రెండో ప్రశ్న నాకు తట్టలేదు. రోజూ ఆఫీసులో జూనియర్లను ‘ఆ మెమరీ ఎవరు ఖాళీ చేస్తారు? ఆ లాగ్ ఫైళ్లు ఎక్కడికి పోతాయి?’ అని సతాయించేవాణ్ణి నేను!

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో లెక్క వేశాను. మీరూ వేసి చూడండి. ఒక కిలో డ్రై ఐస్ పూర్తిగా ఆవిరైతే మామూలు ఉష్ణోగ్రత దగ్గర దాదాపు 550 లీటర్ల వాయువు వస్తుంది. చిన్న కారు లోపలి గాలి సుమారు 3000 లీటర్లు. డబ్బాలోంచి గంటకు 200 గ్రాములు పోయిందనుకుందాం (నా డబ్బాకి మూత సరిగ్గా పడలేదు కాబట్టి ఇది తక్కువ అంచనానే). అంటే గంటకు 110 లీటర్లు. కారులో గాలి అసలు మారకపోతే గంటలో మూడున్నర శాతం పైన, రెండు గంటల్లో ఏడు శాతం. కారు పూర్తిగా మూసుకుపోయిన పెట్టె కాదు, సందుల్లోంచి కొంత గాలి మారుతూనే ఉంటుంది, కాబట్టి నిజంగా అంత చేరి ఉండదు. కానీ ఏ అంకె వైపు పోతున్నామో చూడండి.

బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం పైచిలుకు. తలుపులేసిన కాన్ఫరెన్స్ రూములో పదిమంది కూర్చుంటే 0.1 శాతం సులువుగా దాటుతుంది. (మధ్యాహ్నం రెండింటి మీటింగులో నిద్ర రావడానికి కారణం మేనేజర్ ఒక్కడే కాదన్నమాట :) ) రోజుకి 8 గంటలు పనిచేసే చోట పరిమితి 0.5 శాతం. 3 శాతం దగ్గర తలనొప్పి, ఆయాసం. 4 శాతాన్ని ప్రాణానికి వెంటనే ప్రమాదం ఉన్న స్థాయిగా లెక్కిస్తారు. 7 నుంచి 10 శాతం మధ్య కొద్ది నిమిషాల్లోనే స్పృహ పోవచ్చు. డ్రైవింగ్ సీట్లో ఉన్నవాడికి స్పృహ దాకా పోనక్కర్లేదు, మగత చాలు.

ఇది నా ఒక్కడి తెలివితక్కువతనం కూడా కాదు. 2018 జూలైలో అమెరికాలో టకోమా దగ్గర, ఐస్‌క్రీమ్ సరఫరా చేసే ఒకాయన కారులో డ్రై ఐస్ పెట్టెలు ఉండిపోయాయి. ఆయన భార్య అదే కారులో అత్తగారిని ఇంటి దగ్గర దింపడానికి బయల్దేరింది. అత్తగారు చనిపోయింది, ఆవిడ చావు తప్పి బయటపడింది. 2020 ఫిబ్రవరిలో మాస్కోలో ఒక పుట్టినరోజు పార్టీలో, పొగ బాగా వస్తుందని దాదాపు పాతిక కిలోల డ్రై ఐస్ ఈతకొలనులో పోశారు. ముగ్గురు పోయారు. మన పెళ్లి పొగకీ ఆ పొగకీ తేడా లేదు.

సరే, మామకి ఎలా తెలిసిందో చెప్పాలి. ఆలేరు దాటాక చాయ్ తాగుతూ ఆయనే చెప్పాడు.

అమ్మమ్మ ఊళ్లో ఒక పాత వ్యవసాయ బావి ఉండేది. మామ ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు, ఎండాకాలం, పూడిక తీయడానికి ఒకాయన దిగాడు. చాలా రోజులుగా ఎవరూ దిగని బావి. సగం మెట్లు దిగి కూలబడ్డాడు. కాలు జారిందనుకుని తమ్ముడు పరిగెత్తాడు. ఆయనా లేవలేదు. మూడో మనిషిని ఒడ్డున ఉన్నవాళ్లు నడుం పట్టుకుని ఆపారట. బావిలో ఏదో ఉందని ఊళ్లో చాలాకాలం చెప్పుకున్నారు. నిజానికి ఉన్నదల్లా చెడిన గాలి. అడుగున ఆకూ అలమూ కుళ్లి ఆక్సిజన్‌ను తినేస్తాయి, కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతాయి. ఆ వాయువు మామూలు గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. గాలి కదలని గుంటలో నీళ్లలాగే నిలిచి ఉంటుంది. రంగు లేదు, కంటికి కనపడదు. పెద్దవాళ్లు దిగేముందు లాంతరు తాడుకి కట్టి దింపడం, వేపమండలు కట్టి పైకీ కిందికీ ఆడించడం అందుకే.

అదే మామ పెద్దయ్యాక భూపాలపల్లి బొగ్గుబాయిలో మైనింగ్ సర్దార్ అయ్యాడు. అక్కడా అదే వాయువు. గనిలో వదిలేసిన పాత పనుల్లో బొగ్గూ, కర్రా గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చేసుకుంటాయి. మిగిలిన నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ కలిసిన గాలిని బ్లాక్‌డ్యాంప్ అంటారు. బొగ్గుగనుల నిబంధనల ప్రకారం మనుషులు పనిచేసే చోట ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు, కార్బన్ డయాక్సైడ్ 0.5 శాతం దాటకూడదు. నేను రాత్రి ఇంటర్నెట్‌లో వెతుక్కున్న అరశాతం అంకె మామకి ఉద్యోగం పొడుగునా నోటికొచ్చిన అంకె. సేఫ్టీ ల్యాంప్ పట్టుకుని మంట ఎలా ఉందో చూడటం ఆయన రోజువారీ పని.

“అయితే డబ్బా పక్కన దీపం పెట్టి చూస్తే సరిపోతదా మామా?” అని అడిగాను, తెలివిగా.

“సరిపోదు. దీపం ఆరిందంటే పోవద్దని తెలుస్తది. ఆరలేదంటే మాత్రం పోవచ్చని కాదు.”

ఇది కూడా లెక్క వేస్తేనే అర్థమైంది. ఆక్సిజన్ 16, 17 శాతానికి పడిపోతే మంట ఆరుతుంది. కానీ గదిలోకి 10 శాతం కార్బన్ డయాక్సైడ్ వచ్చి చేరితే, ఆక్సిజన్ 21 నుంచి 19 దగ్గరికే తగ్గుతుంది. దీపం వెలుగుతూనే ఉండొచ్చు. మనిషి మాత్రం పడిపోతాడు. ఎందుకంటే కార్బన్ డయాక్సైడ్ ఊరికే చోటు ఆక్రమించి ఊపిరాడకుండా చేసేది కాదు, ఎక్కువైతే అదే విషం, నేరుగా రక్తాన్ని ఆమ్లంగా మారుస్తుంది. ఇంతకాలం ‘ఆక్సిజన్ ఉంది కదా’ అనే మాటతో ధైర్యపడేవాళ్లం, అది తప్పు టెస్ట్ కేస్. ఒకే ఒక్క మేలేంటంటే ఈ వాయువు చెప్పి కొడుతుంది. తలనొప్పి, ఆయాసం, ఒళ్లు వేడెక్కడం. ఆ అలర్టులు నాకు ఘట్‌కేసర్ నుంచే వచ్చాయి. నేను టిఫిన్ మీద తోసేశాను.

ఇంతా రాసి డ్రై ఐస్ వాడొద్దని చెప్పడం లేదు. అది గొప్ప వస్తువు. 1835లో తిలోరియే అనే ఫ్రెంచి ఆయన మొదటిసారి దాని గురించి రాశాడు. 1920లలో అమెరికాలో వ్యాపారమైంది, డ్రై ఐస్ అన్న పేరు కూడా అప్పుడు ఒక కంపెనీ పెట్టుకున్నదే. మైనస్ 78.5 డిగ్రీలు. కిలోకి కిలో లెక్కన మామూలు ఐస్ కంటే ఒకటిన్నర రెట్లకు పైగా వేడిని లాగుతుంది, పైగా తడి చేయదు. ల్యాబ్ శాంపిళ్లు, ఐస్‌క్రీమ్, చేపలు దూరం పంపడానికి దాన్ని మించింది కష్టం. యంత్రాల మీది మురికిని నీళ్లు లేకుండా వదిలించడానికి దాని గుళికలు వేగంగా కొడతారు. మన ఆఫీసుల్లో యూపీఎస్ గది పక్కన నల్లటి కొమ్ములాంటి మూతి ఉన్న ఎర్ర సిలిండర్ ఉంటుంది కదా, దాన్ని నొక్కితే వచ్చే తెల్లటి మంచు కూడా డ్రై ఐసే. అందుకే చిన్న గదిలో దాన్ని వాడాక అక్కడ నిలబడకూడదు.

రెండు పొరపాట్లు మాత్రం మా చుట్టాల్లోనే విన్నాను. పీహెచ్‌సీ నుంచి నర్సమ్మ భుజాన వేసుకొచ్చే టీకాల డబ్బాలో ఉండేది డ్రై ఐస్ కాదు, మామూలు నీళ్ల ఐస్ ప్యాకులు. చాలా టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, కొన్ని గడ్డకడితే పనికిరావు. ఇక పశువులకు సూది వేయడానికి గోపాలమిత్ర తెచ్చే పొగలొచ్చే క్యాన్‌లో ఉండేది ద్రవ నైట్రోజన్, మైనస్ 196 డిగ్రీలు. దాంతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే నైట్రోజన్ ఆయాసం కూడా రానివ్వదు, చెప్పకుండానే పడేస్తుంది.

మళ్లీ పెళ్లికి వద్దాం. మిగతా దారంతా నాలుగు అద్దాలూ దించుకుని, జుట్టంతా రేగిపోయి, మా ఆవిడ పట్టుచీర నిండా ఎన్‌హెచ్ 163 దుమ్ముతో జనగామ చేరాం. హాల్లో మామ ఎవరూ అడక్కుండానే ఇన్‌ఛార్జ్ అయిపోయాడు. అక్కడ ఆయన పెట్టిన రూల్సూ, తర్వాత నేను చదివి కలుపుకున్నవీ ఇవి:

1. కారులో తేవాల్సి వస్తే తక్కువ తెండి, అద్దాలు దించండి, బయటి గాలి వచ్చేలా ఏసీ పెట్టండి. పిల్లల్ని ఆ బండిలో ఎక్కించకండి. ట్రాలీ ఆటోలో వెనక వేసి పంపితే అన్నిటికన్నా మేలు. విమానంలో అయితే ఎయిర్‌లైన్ అనుమతితో మనిషికి రెండున్నర కిలోలే, అదీ గ్యాస్ బయటకు పోయే ప్యాకింగ్‌లో.

2. డబ్బా మూత బిగించి టేపు చుట్టకూడదు. గాలి చొరబడని సీసాలో, ఫ్లాస్కులో అసలే వేయకూడదు. ఘనం వాయువయ్యేసరికి వందల రెట్లు పెరుగుతుంది, సీసా బాంబులా పేలుతుంది. మా పెళ్లిలో ఒక బుడ్డోడు చిన్న ముక్కని వాటర్ బాటిల్లో వేసి మూత తిప్పబోతుంటే మామ లాక్కున్నాడు.

3. ఉత్త చేతులతో ముట్టుకోవద్దు. చర్మం కాలినట్టే పోతుంది. తడిగుడ్డ ఇంకా ప్రమాదం, గడ్డకట్టి అంటుకుంటుంది. పొడి మందపాటి గ్లవ్స్, లేదా పట్టకారు. పగలగొట్టేటప్పుడు కళ్లకు అద్దాలు.

4. సెల్లార్లో, ఏసీ వేసి తలుపులేసిన గదిలో దాచొద్దు. మేము వంటశాల వెనక ఆరుబయట రేకుల షెడ్డు కింద పెట్టాం. ఇంట్లో ఫ్రిజ్‌లోనూ పెట్టొద్దు.

5. తెల్లగా కనిపించే పొగ కార్బన్ డయాక్సైడ్ కాదు, గాలిలోని తేమ చల్లబడి ఏర్పడే నీటి తుంపర. అసలు వాయువు కనపడదు. పొగ పోయింది కదా అని పిల్లల్ని వదలకండి. అది కిందనే పారుతుంది, మనకి మోకాలి ఎత్తు అంటే కింద కూర్చున్న పిల్లలకి ముక్కు ఎత్తు.

6. కూల్‌డ్రింకులో, పాన్‌లో వేసి సరదా చేయకండి. ముక్క గొంతు దిగితే లోపల కాలుస్తుంది. మా పెళ్లయిన కొద్ది రోజులకే, 2024 మార్చి మొదట్లో, గురుగ్రామ్‌లోని ఒక రెస్టారెంట్‌లో మౌత్ ఫ్రెషనర్ అనుకుని డ్రై ఐస్ నోట్లో వేసుకున్న ఐదుగురు రక్తం కక్కుకుని ఆసుపత్రి పాలయ్యారు.

7. మిగిలింది సింకులో పోయొద్దు, పైపులు పగులుతాయి. ఎవరూ రాని ఆరుబయట చోట వదిలేస్తే దానంతటదే పోతుంది.

8. ఎవరైనా పడిపోతే వెంటనే లోపలికి దూకకండి. తలుపులు తెరవండి, గాలి ఆడనివ్వండి, 108కి ఫోన్ చేయండి. బావి అయితే అసలు దిగొద్దు, ఫైర్ వాళ్లను పిలవండి. మామ ఈ ఒక్క రూలు మాత్రం రెండుసార్లు చెప్పాడు. అమ్మమ్మ ఊరి బావిలో ఆ రెండో మనిషి ఆయన తరగతిలో పిల్లవాడి నాన్న.

ఎంట్రీ ఆపేద్దామని నేనన్నాను. మామ వద్దన్నాడు. “పిల్ల ఆశపడ్డది. బాయిల రోజూ మనుషులు దిగి పనిచేసి ఎక్కుతలేరా? గాలి చూసుకోని చెయ్యాలె, అంతే.” 20 కిలోల్లో 4 కిలోలే వాడాం. ఏసీ ఆపించి, హాలు తలుపులూ కిటికీలూ బార్లా తీయించాడు. వేడినీళ్లలో కొంచెం కొంచెంగా వేశారు. నలభై సెకన్లు మేఘాలు వచ్చాయి, చెల్లె నడిచొచ్చింది, అందరూ ఈలలేశారు.

ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. పెళ్లికూతురి వెనక, ఫ్రేము మూలన, తెల్లచొక్కాలో ఒక ముసలాయన రెండు చేతులూ చాపి, స్టేజీ మెట్ల దగ్గరికి ఉరుకుతున్న పిల్లల్ని కోళ్లను తోలినట్టు వెనక్కి తోలుతుంటాడు. అందులో మావాడూ ఉన్నాడు. ఎడిటింగ్ అప్పుడు వీడియో అబ్బాయి ఫోన్ చేసి “సార్, ఈ అంకుల్ అడ్డమొచ్చిండు, క్రాప్ చెయ్యనా?” అని అడిగాడు.

ఉంచమన్నాను.